బ్లాంక్ స్టేర్

ఈ పొద్దున మా మనవరాలి చేతిలో దోసె ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కళ్లు గోడ మీద ఉన్నాయి. ఎంత పిలిచినా రెప్ప వేయలేదు. కాసేపటికి తానే తిరిగి, "పిలిచినావా అవ్వా?" అంది.

నా ఈడు కాన్వెంటు పిల్లలకు గుర్తుందా, చూపులకు ఇంగ్లీషు జంటమాటలు బట్టీ పట్టించేవారు? ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, ప్రొద్దుటూరులో మా సిస్టర్ వాటిని బోర్డు మీద రాసి, ఒక్కొక్కరిచేత ఆ ముఖం పెట్టించేవారు. గదంతా సుద్దపొడి, తడి పలకల వాసన. 'యాంగ్రీ గ్లేర్' కోసం వెంకటమ్మ కళ్లురిమింది.

"ఇదేం సూపే? మా అవ్వ సూపు ఇంతకన్నా శానా కారం!" అని వెనక బెంచీ నవ్వింది.

తర్వాత 'బ్లాంక్ స్టేర్' రాసి, నా పక్కనున్న మా చెల్లెలు సుగుణను లేవమన్నారు. సుగుణ లేవలేదు. కూర్చున్నచోటే కిటికీ వైపు చూస్తూ ఉంది. ఆ కళ్లలో ఎవరూ లేరు. "వెరీ గుడ్" అన్నారు సిస్టర్. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగినా సుగుణ ముఖం మారలేదు.

"సాల్లేమ్మే, ఇంగ ఇట్ల సూడు" అని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

కాసేపటికి రెప్ప వేసి, నా చెవిలో మెల్లగా అడిగింది. "అక్కా, నా వంతు వచ్చిందా?"

ఇంట్లో చెబితే అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "శానా దిష్టి తగిలినాది బిడ్డకు" అంది. అంతటితో అందరం మరిచిపోయాం.

మనవరాలికి బడి పోతుందని కోడలు అంటున్నా వినకుండా, ఇప్పుడే డాక్టరు దగ్గరికి బయలుదేరదీశాను.

ఆ వేసవిలో సుగుణ నీళ్లు చేదుతూ బావిలో పడి చనిపోయింది.