సగంల అయితది

కారు మా ఇంటికి తన కాళ్ల మీద తాను రాలేదు. ట్రాక్టరు వెనక మోకుతో కడితే వచ్చింది. స్టీరింగు దగ్గర మా మామగారు కూర్చున్నారు. బ్రేకులు లేవు కాబట్టి, ట్రాక్టరు ఆగినప్పుడు పోయి దాన్ని గుద్దకుండా ఇద్దరు మనుషులు వెనక నుంచి ఇంకో తాడు పట్టి ఆపుతూ నడిచారు. పాశమైలారం దాటి మా ఊరి మలుపు తిరిగేసరికి పిల్లలు, కుక్కలు, షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు, అందరూ ఊరేగింపులా వెంటపడ్డారు. ఇంత పొడుగు బండిని ఎక్కడ పెడతారా అని నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. అప్పటికే మా ఆయన బర్రెను కొట్టంలోంచి విప్పి వేప చెట్టుకు కట్టేశాడు.

ఎనభైల చివరి సంగతి ఇది. ఆ కారు మామగారు పనిచేసిన దొరది. ఎప్పుడో అమెరికా నుంచి ఓడలో వచ్చిందట. ఎనిమిది సిలిండర్ల ఇంజను. మీట తొక్కితే గుర్రం ముందు కాళ్లు లేపినట్టు ముక్కు పైకి లేచేదని మామగారు చెప్పేవారు. ఆయన వయసంతా దాన్ని నడపడంలోనే గడిచింది. దొర పోయాక కొడుకులు పట్నంలో స్థిరపడ్డారు, కారు గడీ బంగళా వెనక పడి ఉంది, దాని సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టాయి. చివరికి ఆ కొడుకులే, నడిపినవాడివి నువ్వే కదా, తీసుకుపో అన్నారు.

మా ఆయన పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. కారు బాగుచేయడానికి ఎంతవుతుందో పట్నంలో మెకానిక్ దగ్గర అడిగి వచ్చి, ఆ అంకె నాకు చెప్పనే లేదు. కాళ్లు కడుక్కుంటూ ఒక్క మాట అన్నాడు.

"మనమే చేసుకుంటె సగంల అయితది."

ఎందుకు చేయాలో మాత్రం నేను అడగలేదు, నాకు తెలుసు. మామగారు అన్నేళ్లు ఆ బండి నడిపి ఒక్కనాడు కూడా వెనక సీట్లో కూర్చోలేదు. ఖాళీగా ఉన్నప్పుడు తుడవాల్సి వచ్చినా, కింద మోకాళ్ల మీద నిలబడి తుడిచేవారట. ఇప్పుడు ఆయనకు దమ్ము జబ్బు. నాలుగడుగులు వేస్తే నిలబడి గోడ పట్టుకోవాలి. వచ్చే చలికాలం కష్టం అని సంగారెడ్డి డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచి చెప్పాడు. చలి ముదరకముందే తన బాపును వెనక సీట్లో కూర్చోబెట్టి బొంతపల్లి వీరన్న గుడికి తీసుకుపోవాలి. మా ఆయన పట్టుదల అంతా అది.

ఇక అప్పటి నుంచి ఇంట్లో నిమ్మళం లేదు. ఆదివారం అంటే తలంటు, పప్పుచారు అన్నది పోయి సుత్తి చప్పుడు అయింది. నా పాత చీరలు ఒక్కొక్కటే నూనె గుడ్డలయ్యాయి. రేషను కిరోసిన్ పొయ్యి కంటే ముందు నట్లు నానబెట్టడానికి పోయింది. దేనికీ సామాను దొరకదు. అమెరికా బండి, ఇక్కడ ఎవరు అమ్ముతారు? పట్నం పాత ఇనుము బజారులో లారీది ఒకటి, జీపుది ఒకటి తెచ్చి, రుద్ది, కోసి, మళ్లీ సరిపోక ఇంకోటి తెచ్చేవాడు. మేము చీటీ పాడి ఎత్తిన డబ్బు ఇంజనులోకి పోయింది. ఎంత అని నేను లెక్క పెట్టలేదు, పెడితే నా మనసు ఆగేది కాదు. వానలకు బర్రె చెట్టు కింద తడిసి పాలు తగ్గించింది. పాలకు వచ్చే పక్కింటి అత్త సగం చెంబు చూసి ఊరుకుంటుందా?

"బర్రెకు కొట్టం లేదు గని కారుకు కొట్టమా పిల్లా? రేపటి సంది దాన్నే పిండుతవా ఏంది?"

నవ్వాను. కానీ ఆ రోజంతా చేతిలో పని నిలవలేదు. బియ్యం ఏరుతూ లేచి కొట్టం వైపు చూసేదాన్ని, మళ్లీ వచ్చి లోపల మామగారి దగ్గు వినేదాన్ని. సుత్తి చప్పుడు, దగ్గు, రెండింట్లో ఏది ముందు ఆగుతుందో అన్నట్టు ఉండేది.

మామగారు గోనెపట్టా మీద కూర్చుని కొడుక్కి అన్నీ చెప్పేవారు. ఎక్కువ చెప్పింది ఇంజను గురించి కాదు, బండి నడిపే తీరు గురించి. దొర వెనక కూర్చుని నిండు గ్లాసు పట్టుకుంటే తొణకకూడదు, గేరు మారినట్టు తెలియకూడదు. "ముందటికి ఎవడైనా సూస్తడు బిడ్డా," అనేవారు. "ఎన్క మనుషులున్నరని యాదుంచుకోవాలె."

శ్రావణంలో వచ్చి పడింది అసలు కష్టం. మా ఆయన పాత రంగంతా గీకి రేకును వెండిలా తేల్చాడు. తెల్లారి చూస్తే ఎర్రగా ఉంది. మళ్లీ గీకాడు. రెండు రోజులు బాగుంది, మూడో పొద్దున మళ్లీ ఎరుపు. వాన పడలేదు, కొట్టానికి కప్పు ఉంది. నేను వాకిట్లో చల్లే పేడ సానుపు నీళ్లు ఎగిరి పడుతున్నాయని నా మీదికి వచ్చాడు. నేను సానుపు మానలేదు కానీ, దూరంగా చల్లాను. అయినా అంతే. రస్టు, రస్టు అంటూ అన్నం సగంలో లేచిపోయేవాడు. రేకును అది ఇలాగే తినుకుంటూ పోతే రంగు వేయడానికి ఏమీ మిగలదు. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది, దాని వెనకే చలి.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో దిగులు ఉండేది, ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం చింతపండు పెట్టి తోమిన ఇత్తడి కుందులు కొన్నిసార్లు తెల్లారేసరికి నల్లబడేవి. నూనె మంచిది కాదేమో అనుకున్నాను. తరువాత నా మనసే మంచిది కాదేమో, కారు మీద విసుక్కుంటూ దీపం పెడుతున్నాను కదా అని భయపడ్డాను. బడికి పోనిదాన్ని, మా నాన్న నేర్పిన అక్షరాలతో చదువుకునే సహస్రనామం ఒకటే నాకు ధైర్యం. అదే ఇంకోసారి చదివేదాన్ని.

ఒక పొద్దున కుందులు తెచ్చి సిమెంటు గిలాబు వేసిన గట్టు మీద బోర్లించి, "మళ్ల చిలుం పట్టింది" అని నాలో నేను అనుకున్నాను. అనుకున్న మాటే నన్ను పట్టుకుంది. మా పుట్టింట్లో ఇత్తడి నల్లబడినా చిలుమే, గడ్డపారకు ఎరుపెక్కినా చిలుమే. మా ఆయనకు దీపానిది చిలుము, కారుది రస్టు. అందుకే ఆయన రెండూ ఒకచోట పెట్టి చూడలేదు. లేచి కొట్టంలోకి పోయాను. రేకు ఎర్రగా ఉంది. అప్పుడు ముక్కుకు తెలిసింది, పాశమైలారం ఫ్యాక్టరీల ఎస్టేటు వైపు నుంచి గాలి వస్తోంది, కుళ్లిన గుడ్ల వాసనతో. ఆ వాసనకు అలవాటు పడి మేమెవరం దాన్ని వాసన అనుకోవడమే మానేశాం.

ఆయనను పిలిచి కుంది ఒక చేతికి ఇచ్చి, రెండో చేయి రేకు మీద పెట్టించాను.

"రెండిటికి ఒక్కటే చిలుం. ఎస్టేటు గాలి వచ్చిన రోజే పడుతది."

ఆయన కుందిని తిప్పి చూసి, గాలి వచ్చే వైపు తిరిగాడు. "నేను పనిచేసేది కూడ గా గాలిలనే గదనే," అన్నాడు చివరికి.

లోపల మామగారు దగ్గారు. ఇనుమునే ఇలా తినే గాలి ఆ ముసలి ఛాతీని ఏం చేస్తుంటుందో ఇద్దరమూ పైకి అనలేదు. ఆ పూటే మామగారి మంచం వసారాలోంచి లోపలి గదిలోకి మార్చాను. గాలి అటు నుంచి తిరిగితే కిటికీ మూసేదాన్ని.

పని పద్ధతి మారింది. ఒకేసారి గీకడం మానేసి, పొద్దున గీకినంత మేర పొద్దు గూకేలోపు ప్రైమరు పూసేవాడు. చేటంత, చేటంత. ఫ్యాక్టరీకి లీవులు పెట్టాడు. ఏ పొద్దుకాపొద్దు గాలి ఎటుందో చూడడం నా వంతు. దీపం మంట ఎటు వంగితే గాలి అటు. ఎస్టేటు ఉన్న పడమటి వైపు నుంచి గాలి రాని ప్రతి ఉదయానికి నేను స్వామికి దండం పెట్టుకున్నాను, ఇప్పటికీ అది గుర్తొస్తే పెట్టుకుంటాను.

బతుకమ్మ పండుగ పోయింది, దసరా పోయింది. కార్తీకంలో కారు నల్లగా, నిగనిగలాడుతూ నిలబడింది, వెనక ఎడమ తలుపు తప్ప. దానికి రంగు చాలలేదు. ఇంకో డబ్బా కొనే శక్తి లేదు, ఆగే వ్యవధి అంతకన్నా లేదు. మామగారు అప్పటికి మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారు.

సోమవారం పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చాను. ఇంజను ఉరిమింది, వేప చెట్టు కింది బర్రె తాడు తెంపుకోబోయింది. ఉతికిన ధోవతి, తలపాగాతో మామగారు మెల్లగా నడిచి వచ్చి, రంగు లేని ఆ తలుపు తెరిచి, పట్టుకుని, పక్కకు జరిగి నిలబడ్డారు. ఎవరో ఎక్కుతారని అన్నట్టు.

"కూసో బాపు," అన్నాడు మా ఆయన.

"నేను ముందట కూసుంట బిడ్డా. ఎన్క నాకు అలవాటు లేదు."

ఎంత బతిమాలినా అదే మాట. తలుపు మీది చేయి తీయలేదు. ఇంత చేసి, ఈయన ముందు సీట్లో కూర్చుని పోతే మా ఆయన ముఖం ఎలా చూడాలి? మా ఇళ్లలో మామ ముందు కోడలు మంచం మీద కూర్చోదు, పీట మీద కూడా కూర్చోదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నేను ఆయన ఎదుట నేల మీదే కూర్చున్నాను. కొంగు తల మీదికి లాక్కుని, అటువైపు తలుపు తెరుచుకుని ఎక్కి, సీటు మీద కూర్చున్నాను.

"నేనే కూసున్న మామా. ఇంక మీకేంది? రాండ్రి."

ఆయన నన్ను చూశారు. తరువాత సీటు చూశారు. కండువాతో దాన్ని ఒకసారి దులిపి, తలపాగా తగలకుండా తల వంచి, వచ్చి నా పక్కన అంచున కూర్చున్నారు. మేమిద్దరం తప్పు చేసిన పిల్లల్లా ముందుకు చూస్తూ ఉండిపోయాం.

దారంతా నేను గుడిని తలచుకోలేదు, అబద్ధం ఎందుకు. ఇంజనులో ప్రతి చప్పుడునూ, ఆయన ప్రతి ఊపిరినీ వింటూ పోయాను. ఎస్టేటు పక్కన అద్దం నేనే తిప్పి మూశాను. పెద్ద రోడ్డు ఎక్కే చోట మా ఆయన తత్తరపడి గేరు మార్చాడు, బండి ఎగిరి కుదిపింది. మామగారి వీపు మొదటిసారి సీటుకు ఆనింది. మళ్లీ ముందుకు జరగలేదు. ఊపిరి కూడదీసుకుని, కొడుకు భుజం మీద చేత్తో తట్టారు.

"జెర మెల్లగ బిడ్డా. ఎన్క మనుషులున్నరు."