ఒకటో తారీఖు జనార్ధనరావు

ఒకటో తారీఖు వచ్చిందంటే జనార్ధనరావు గారికి కుక్కల గుండెలు గుర్తొస్తాయి. అందరూ క్యాలెండరు కాగితం తిప్పి ఊరుకుంటే, ఆయన ఫోను పట్టుకుని ఆక్లాండ్ శివారు పాపకూరలో తెలుగు తెలిసిన ప్రతి ఇంటికీ ఒకటే ప్రశ్న వేస్తారు. "కుక్కకి గుండెపురుగు మాత్ర వేశారా?"

కుక్క లేదన్నా వదలరు. "పెంచితే వేస్తారుగా?" అని మాట తీసుకుంటారు. ఒకసారి తెలిసినవారింట్లో వ్రతం. పంతులుగారు ప్రసాదం చేతిలో పెట్టబోతుంటే, "తమరు కుక్కని పెంచుతారా?" అని అడిగారు. పంతులుగారు ప్రసాదం వెనక్కి తీసుకున్నంత పని చేశారు.

ఇంకోసారి పార్కులో కుక్కతో నడుస్తున్న న్యూజిలాండు పెద్దమనిషిని ఆపి అదే అడిగారు. "ఈ దేశంలో ఆ జబ్బు లేదు మేట్" అని ఆయన నవ్వాడు.

"అదృష్టవంతులు! ఆస్ట్రేలియా తీసుకెళ్తే మాత్రం మర్చిపోకండి" అని మన జనార్ధనరావు గారు మొదలుపెట్టారు. దోమ కుడితే పురుగు పిల్లలు ఒంట్లో దూరడం, నెలనెలా మాత్ర వేస్తే పిల్లలప్పుడే చావడం, వేయకపోతే ఆరేడు నెలల్లో గుండెలో సేమ్యాలా పెరగడం, అప్పటిదాకా పైకి ఏమీ తెలియకపోవడం, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పారు. ఆ పెద్దమనిషి ఆ పూట అన్నం మానేశాడని వినికిడి.

పక్కింటి కుసుమకి ఆయనంటే హడల్. ఆమె ప్రాణమంతా ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉంది. పదకొండు నెలల కిందట ఆక్లాండ్‌లో ఉద్యోగం వచ్చి, బూరె అనే తన బొద్దు కుక్కని అక్కడే తమ్ముడు లోకేశ్ దగ్గర వదిలి వచ్చింది. సాయంత్రం తాళం తీయగానే, తలుపు వెనక గోళ్ళ చప్పుడు వినిపిస్తుందేమోనని ఇప్పటికీ ఆగుతుంది. దుప్పటికి అంటుకుని వచ్చిన నాలుగు తెల్లవెంట్రుకలు పోతాయని ఆ దుప్పటి ఉతకలేదు. కుక్క మీద ఇంత బెంగేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

"అమ్మాయ్, బూరెకి..."

"మా తమ్ముడు వేస్తున్నాడంకుల్!"

"ఈ నెల?"

"అబ్బబ్బ! ఇదిగో వాడి నంబరు. వాడినే అడగండి!"

అలా పీడ విరగడైందనుకుంది.

ఎట్టకేలకు బూరెని తెచ్చుకునే రోజు వచ్చింది. విమానం ఎక్కాలంటే రక్తపరీక్షలో గుండెపురుగు లేదని తేలాలి. ఉందంటే ప్రయాణం ఆగిపోతుంది, నెలల తరబడి ప్రమాదకరమైన వైద్యం. కుసుమకి తమ్ముడి సంగతి తెలుసు. లోకేశ్ మంచివాడే, కానీ తన జ్వరానికి తను మాత్ర వేసుకోవడమే వాడికి గుర్తుండదు. బ్రిస్బేన్ దోమలైతే ఏనుగుల్నే మోసుకుపోతాయి! రెండు రోజులు ఆమె ఫోను చేతిలోంచి వదల్లేదు.

మూడో రోజు ఫోను మోగింది.

"అక్కా, పరీక్షలో ఏమీ లేదు! బూరె వచ్చేస్తోంది!"

కుసుమ ఫోనుకే ముద్దు పెట్టింది. "ఒక్క నెల కూడా మర్చిపోలేదా? నా బంగారం!"

"నన్ను పొగడకక్కా. నేనైతే రెండో నెలకే మర్చిపోదును. మీ పక్కింటి అంకుల్ ఒకటో తారీఖునే వీడియో కాల్ చేసి, అది మింగేదాకా వదిలితేగా! 'బుగ్గలో దాచుకుంటుంది, నోరు తెరిపించు' అంటారు. ఆ తర్వాత అరగంట దాంతోనే కబుర్లు. 'కుసుమ నిన్ను తెచ్చుకుంటుందిలే, బెంగపడకు' అంటారు."

కుసుమ చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది. "నాతో ఒక్క మాట అనలేదేం అంకుల్?"

ఆయన గుమ్మంలోకి వచ్చారు. "అసలే బెంగ పెట్టుకున్నావు. దాని మీద భయం కూడా ఎందుకని..." మెట్టు మీద కూర్చున్నారు. "కాకినాడలో మా కుక్క భైరవుణ్ణి వదిలి వచ్చానమ్మా. మాత్ర వేయమని చెప్పానే గాని మళ్ళీ అడగలేదు. గుండెపురుగుతో పోయాడు. వేశారా అని అడిగితే నా సొమ్మేం పోయేది? ఇప్పటికీ వాడు కళ్ళలో మెదులుతాడు."

విమానాశ్రయంలో సరుకు దించే చోట పెట్టె తలుపు తీశారు. కుసుమ మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాచింది. బూరె ఒక్క దూకు దూకి ముఖమంతా నాకింది, మూలిగింది, మళ్ళీ నాకింది. కుసుమ దాని మెడలో ముఖం దాచుకుంది.

"మెల్లగా అమ్మాయ్, అలిసిపోయి ఉంటుంది" అన్నారు వెనక నుంచి జనార్ధనరావు గారు.

ఆ గొంతు వినగానే బూరె చెవులు నిక్కబొడుచుకుంది. కుసుమ ఒళ్ళోంచి జారి పరుగున వెళ్ళి, ఆయన కాళ్ళ ముందు బుద్ధిగా కూర్చుని నోరు బార్లా తెరిచింది.

"ఇవాళేం లేదే, పిచ్చితల్లీ!" అంటూ ఆయన వంగి దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నారు.