కొంగుచాటు నవ్వు

నేను కాపురానికి వచ్చిన ఏడాదే కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు ఇళ్లకోసం వీధివీధీ తిరిగేవారు. మా అత్త వసారా పక్కనున్న రెండు గదులూ ఖాళీ చేయించి, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక గుమాస్తాకు బాడుగకిచ్చింది.

అత్త నాకు ఏ పనీ చెప్పి నేర్పలేదు. "చూసి నేర్చుకో. మా అత్త నాకు చెప్పిందా ఏమన్నా?" అనేది. నేను బద్వేలు పక్క పల్లెదాన్ని. జొన్నరొట్టె తట్టడం దగ్గర్నుంచి ఎవరొస్తే లేచి నిలబడాలి, ఎవరొస్తే లోపలికి పోవాలి అన్నదాకా ఆమెను చూస్తూనే నేర్చుకున్నాను. గుమాస్తా భార్య వచ్చాక ఒక చిక్కొచ్చింది. నేను అత్తను చూస్తుంటే అత్త ఆమెను చూడసాగింది.

ఆ అమ్మాయికి ఇంచుమించు నా వయసే. మాటమాటకీ "అండీ" అనేది. నవ్వొస్తే కొంగు పైకి లాగి నోటికి అడ్డం పెట్టుకుని, తల కాస్త పక్కకు తిప్పి చప్పుడు కాకుండా నవ్వేది. మా ఇంట్లో నవ్వితే ఎదురింటివాళ్లు బయటికొచ్చి సంగతేమిటని అడిగేవాళ్లు.

"చూస్తివా, ఆ పాప ఎంత మర్యాదగా నగుతాదో! నువ్వు నగితే కొండనాలుక కనపడతాది" అంది అత్త ఒకరోజు.

ఆ మరుసటి రోజు నుంచి అత్తే మొదలుపెట్టింది. మొదట్లో కొంగు నోటిదాకా వచ్చేసరికి నవ్వు అయిపోయేది. అయినా వదల్లేదు. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. ఆమెను చూసి నేనూ, మమ్మల్ని చూసి పక్కింటివాళ్లూ పట్టుకున్నాం. గాజులమ్మే సాయిబుల ముసలమ్మ కూడా మా అరుగుమీద కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుంది. "రాజధానోళ్లు ఇట్లే నగుతారంట గదమ్మా" అంది.

ఉగాదికి పుట్టింటికి పోయాను. చెల్లెలు ఏదో అంటే నవ్వొచ్చి, అలవాటుగా కొంగు లాగాను.

మా అమ్మ కంగారుపడింది. "ఏం పాపా, నోట్లో పుండేమన్నా అయిందా?"

"కర్నూల్లో ఇట్లే నగుతారు మా" అన్నాను, కాస్త గొప్పగానే.

నేను తిరుగు ప్రయాణమయ్యే రోజుకు మా చెల్లెలికి కూడా ఆ అలవాటు వచ్చేసింది.

కర్నూలు వచ్చేసరికి గుమాస్తా భార్య ఊళ్లో లేదు. మద్రాసులో అన్నగారింటికి వెళ్లిందన్నారు. పదిహేను రోజులకు వచ్చింది. వచ్చిన రోజే వసారాలో నిలబడి, పళ్లన్నీ కనపడేలా పకపకా నవ్వింది. అత్త నిర్ఘాంతపోయింది.

"ఏమమ్మా, నోరంతా తెరిచి నగుతాండావు?"

"ఇప్పుడు భయం లేదు పిన్నిగారూ. చిన్నప్పుడు పడి ముందు పన్ను సగం విరిగిందండీ. సిగ్గేసి ఇన్నేళ్లూ కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. అన్నయ్య దంతాల డాక్టరుకి చూపించి కట్టించాడు. చూడండి, తెలుస్తోందా?"

అత్త దగ్గరకెళ్లి చూసింది. "తెలీలేదమ్మా" అని లోపలికొచ్చి, తెల్లగా ఉన్న బియ్యాన్నే మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. నాకు లోపల నవ్వు తన్నుకొస్తోంది. ఆ నవ్వు ఎలా నవ్వాలో తెలియలేదు.

రెండ్రోజులు ఆలోచించుకుని అత్త తీర్పు చెప్పింది.

"ఆ పాప పన్ను కోసం అట్ల చేసె. మనం మర్యాద కోసం చేస్తాండాం. రెండూ ఒగటేనా?"

ఒకటి కాదన్నాను. వీధిలో ఎవరికీ మేం పన్ను సంగతి చెప్పలేదు. చెప్పినా ఎవరూ మానేవాళ్లు కారనుకుంటాను. అప్పటికే అది అందరి ఇళ్ల మర్యాద అయిపోయింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లకు అత్తలు కొంగు సంగతి నేర్పుతున్నారు, చూసి నేర్చుకొమ్మనే.

ఒక నెల గడిచింది. పేరంటంలో ఎవరో తమాషా మాటన్నారు. పదిమందిమీ కొంగులు నోటికి పెట్టుకున్నాం. గుమాస్తా భార్య ఒక్కతే పకపకా నవ్వి, చుట్టూ చూసి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ నవ్వు వస్తే మెల్లగా కొంగు పైకి లాక్కుంది.

ఇంటికొస్తూ అడిగాను. "బాగైంది గదా పన్ను, ఇంకెందుకు?"

"అందరూ అంత పద్ధతిగా ఉంటే నేనొక్కదాన్నే నోరు తెరిస్తే ఏం బాగుంటుందండీ?" అంది.