కాలువ దక్షిణానికి పారదు

సూర్యప్రకాశం మాస్టారికి ఇంగ్లీషులో ఎవరైనా దిక్కు తప్పు చెప్తే కోపం వస్తుంది. మామూలు కోపం కాదు, భుజం మీది తువ్వాలు తీసి నేలకేసి కొట్టే కోపం. ఆయన కాఫీలో పంచదార మరిచిపోండి, పల్లెత్తు మాటనరు. స్కూటర్‌తో గుద్దెయ్యండి, "పర్లేదులే బాబూ" అని లేచి దులుపుకుంటారు. అంతేగానీ ఈస్ట్ అనాల్సిన చోట సౌత్ అన్నారో, ఇక మీ ఏడుతరాల వాళ్ళకీ వినిపించేట్టు అరుస్తారు.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి మండపేట దగ్గరున్న ఆ ఊరొచ్చి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు మాస్టారు. ఏ ముహూర్తాన వచ్చారో గానీ, ఊరు ఊరంతా దిక్కులు తప్పే! ఇళ్ళన్నీ కాలువ గట్టు వెంబడే కట్టుకున్నారు. కాలువ సముద్రానికి పోతుంది, సముద్రం దక్షిణాన ఉంది, కాబట్టి కాలువ పారేవైపు దక్షిణం. అయిపోయింది, ఇక బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా వినరు. లాకు గేట్లు దాటాక కాలువ వంపు తిరిగి ఆగ్నేయానికి పోతోందన్న సంగతి ఒక్కడికీ పట్టలేదు.

"సూర్యుడెక్కడ పొడుస్తున్నాడో చూసి ఏడవండ్రా!" అని మాస్టారు మొత్తుకుంటే, "మా ఊళ్ళో సూర్యుడు కాస్త మూలగా పొడుస్తాడండి" అన్నాడు సొసైటీ ప్రెసిడెంటు రాజేంద్ర. ఆ పూట మాస్టారు అన్నం ముట్టలేదు.

"తెలుగులో అంటే ఊరుకుంటారు, ఇంగ్లీషులో అంటేనే ఎందుకండీ అంత కోపం?" అని అడిగారెవరో.

"తెలుగులో తప్పు చెప్తే మనలో మనకి సరిపోతుంది. ఇంగ్లీషులో చెప్తే బయటివాడు నిజమని నమ్మేస్తాడయ్యా!" అన్నారాయన.

మాస్టారి ఎదురింట్లో ఉండే వీరవేణికి మొన్నమొన్నటిదాకా ఈ గొడవతో పని లేదు. మండపేట రైసుమిల్లులో పని ఆమెకి. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుని రాత్రుళ్ళు నిద్రుండేది కాదు. ఇంతలో పొలాల్లో మందు కొట్టే డ్రోన్ ఒకటి డ్వాక్రా సంఘానికి వచ్చేలా ఉందన్నారు. నడపడానికి సంఘం ఆడవాళ్ళు వీరవేణి పేరే చెప్పారు. శిక్షణ కూడా అయిపోయింది. మిగిలింది పరీక్ష. ఆఫీసరు ఊళ్ళోకే వచ్చి, పొలంలో నిలబెట్టి, గాలి ఎటు, చెరువు ఎటు అని ఇంగ్లీషులో అడుగుతాడట. తప్పు చెప్పిందా, డ్రోన్ పక్కూరికి, వీరవేణి మళ్ళీ మిల్లు దుమ్ములోకి.

తప్పేదేముంది, మాస్టారి దగ్గరికే వెళ్ళింది. తువ్వాలు దెబ్బ ఎప్పుడు పడుతుందా అని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. విచిత్రం, ఆయన కేకెయ్యలేదు.

"చేపల చెరువు ఎటుందమ్మా?"

"సౌత్ అండి."

"కాలువని చూడకు తల్లీ, నీ నీడని చూడు. చూసి మళ్ళీ చెప్పు."

ఇంత మెత్తటి మనిషినా ఊరంతా ఆడిపోసుకుంటోంది అనుకుంది వీరవేణి. ఆ అనుకోవడం సాయంత్రం దాకానే. టిఫిన్ కొట్లో రాజేంద్ర పెసరట్టు తింటున్నాడు. మాస్టారు వెళ్ళి మీద పడ్డారు.

"ఏమయ్యా, చెరువు సౌతా? ఏ సన్నాసి చెప్పాడయ్యా సౌతని?"

"నేనెప్పుడన్నానండీ? నా నోట్లో అట్టుందండి!"

"ఇవాళ అనకపోతే రేపంటావ్! చెప్పు, ఎటు?"

కొట్లోవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. వీరవేణికి నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున ఆమె గాలి సంగతి తప్పు చెప్పింది. సాయంత్రం అదే తప్పుకి రాజేంద్రకి అక్షింతలు పడ్డాయి. ఆ మర్నాడూ అంతే. రాజేంద్ర పాపం ఆయన్ని చూస్తే చాలు, "ఆయ్, సౌత్-ఈస్టేనండి!" అని ముందే దండం పెట్టేస్తున్నాడు. గొడవ చూడ్డానికి మూగిన రైతులు కూడా అతనితోపాటు అదే మాట పలుకుతున్నారు.

వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. అరుగెక్కి నిలదీసేసింది.

"నా తప్పులన్నీ బజార్లో పెట్టి ఊరిని నవ్విస్తారా మాస్టారూ? మీకిదేం సరదా అండీ?"

"ఎవర్ని చూసి నవ్వుతున్నారమ్మా?"

"ఇంకెవర్ని, మిమ్మల్నే."

"నీ పేరు ఎవరైనా ఎత్తారా?"

"లేదనుకోండి..."

"మరింకేం? నీకొక్కదానికే వస్తే చాలదే పిచ్చిదానా! రేపు గట్టు మీద రైతు చెరువు సౌత్ అని నీకు తప్పు చెప్తాడు. నువ్వు సౌత్ వదిలేసి డ్రోన్‌ని సౌత్-ఈస్ట్‌కి పంపిస్తావు. మందెళ్ళి చెరువులో పడి చేపలు చస్తాయి. అప్పుడు రైతుని అంటారా ఎవరైనా? ఆడదాని చేతికి మిషనిస్తే ఇంతే అని నీ మీద తోసేస్తారు! ఆ మాట తలుచుకుంటేనే నా కడుపు మండుతోంది."

వీరవేణి వాకిట్లోకి దిగి, తన నీడ చూసుకుని, పాఠం మొదలుపెట్టమంది.

పరీక్షనాడు ఊరంతా గట్టు మీదే ఉంది. ఆఫీసరు అడిగినవన్నీ వీరవేణి టకటకా చెప్పింది. డ్రోన్ చేనంతా నీళ్ళు చల్లి వచ్చింది, చెరువులో చుక్క పడలేదు. ఆఫీసరు ముచ్చటపడ్డాడు. సంతకం పెట్టబోతూ, కాలువ వైపు చూసి, "నైస్! దిస్ కెనాల్ ఫ్లోస్ సౌత్" అన్నాడు.

రాజేంద్ర రెండు చెవులూ మూసుకున్నాడు. మాస్టారి మొహం ఎర్రబడింది, మెడనరాలు పొంగాయి, చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. అయిపోయింది, డ్రోన్ పక్కూరికే అనుకున్నారంతా. మాస్టారు తువ్వాలు తీసి, కొస నోట్లో కుక్కుకున్నారు. కుక్కుకుని వీరవేణికేసి చూస్తూ ఊరుకో, ఊరుకో అని కళ్ళతోనే బతిమాలుతున్నారు.

వీరవేణి వల్ల కాలేదు. ఇన్నాళ్ళూ విన్న కేకలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చేశాయి.

"నో సార్! నాట్ సౌత్! సౌత్-ఈస్ట్! మీరే అలా చెప్తే మా చేపలేం కావాలండీ?"

ఆఫీసరు బిత్తరపోయాడు. ఫోన్ తీసి దిక్కులు చూశాడు. ఫోన్ అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు. "యూ ఆర్ రైట్ అమ్మా" అని నవ్వి సంతకం పెట్టేశాడు.

జీపు కదిలిందో లేదో, మాస్టారు నోట్లోంచి తువ్వాలు లాగి నేలకేసి కొట్టారు. వీరవేణిని ఆయన తిట్టడం అదే మొదలు.

"బుద్ధుందా నీకు? వాడు సంతకం పెట్టేదాకా నోరు మూసుకోలేవూ?"

"దిక్కు తప్పు చెప్పాడు కదా మాస్టారూ!"

"చెప్తే చెప్పనీ! కాలువ ఉత్తరానికి పారుతోందన్నా సరే, తలూపి డ్రోన్ తెచ్చుకోవాలి గానీ!"