గోరింట పొదలో పికిలిపిట్ట

మా పక్కింటి అక్క పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆ పొద్దున ఆమె కోడలు గోడ దగ్గరికొచ్చి, “చిన్నత్తా, అత్తమ్మ లేస్తలేదు” అంది. నిద్రలోనే పోయింది. ఎనభై దాటిన మనిషి, ఒకరితో చేయించుకోకుండా పోయింది, అదే నయం. నేను చదివింది నాలుగో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

కట్టంగూర్‌లో మా రెండు పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. తెల్లారితే అక్క పెరట్లో పిట్టల్ని చూస్తూ నిలబడేది. తేనెపిట్ట ఏ పువ్వు మీదికి ఏ వేళకు వస్తుందో ఆమెకు తెలుసు. నాకు తెలిసింది ఫికరే, ఉత్త దిగులే. బస్సు ఆలస్యమైతే ఫికర్, మబ్బు పడితే ఫికర్.

నా చిన్నబిడ్డ పెళ్లయిన ఏడాది ఆషాఢానికి ఇంటికొచ్చింది. మా వాడంతటికీ గోరింటాకు అక్క పెరట్లోదే. గిన్నె పట్టుకుని పోతే అక్క అడ్డం నిలబడింది.

“తెంపకు. లోపల పికిలిపిట్ట గుడ్లు పెట్టింది.”

“కొత్త పెండ్లిపిల్ల చేతులు ఉత్తగుంటే మంచిగుంటదా అక్కా? వాళ్ల అత్త ఏమంటదో.”

“ఆషాఢం మొన్ననే వచ్చె గద, ఇంక నెలంత ఉంది. గా పిట్ట తోక కింద ఎర్రగ సూడు, నీ బిడ్డ కంటే ముందు అదే పెట్టుకుంది.”

నాకు నవ్వు రాలేదు. గూడు వానకు తడిస్తే, పిల్లి వస్తే అని మొదలుపెట్టాను.

“నీకు ఎట్లన్న ఫికర్ పడుడు అలవాటే. గదేదో దీని మీద పడు, పనికొస్తది.”

అట్లా నన్ను కావలి పెట్టింది. పిల్లిని తరిమాను. ఆకుకోసం వచ్చినవాళ్లను గుమ్మంలోనే తిప్పి పంపాను. “పొదను కిరాయికిచ్చిన్రా?” అని నవ్విపోయారు. గుడ్లు పగిలి మూడు పిల్లలయ్యాయి. తల్లి పురుగు తెస్తే నోళ్లు తెరిచేవి. “ఊపిరి గూడ మెల్లగ తీస్కో” అనేది అక్క. నా దిగులు ఎవరికీ పనికిరాదనుకున్నదాన్ని. దానికీ ఒక పని చూపించిన మనిషి ఆమె.

ఆషాఢం అయిపోవడానికి రెండు రోజులుందనగా రెండు పిల్లలు ఎగిరిపోయాయి. మూడోది గూటి అంచున కూర్చుని కదలదు. మరునాడు పొద్దున నా బిడ్డ, నేను, అక్క పొద ముందు నిలబడ్డాం. అది ఒక్కసారి రెక్కలు కొట్టుకుని, ఎగరలేక అక్క భుజం మీద వాలింది.

అక్క మెడ కూడా తిప్పలేదు. తెంపుకొమ్మని నా బిడ్డకు కళ్లతోనే చెప్పింది. బిడ్డ చప్పుడు కాకుండా ఒక్కో ఆకు తెంపుతోంది. దండెం మీంచి తల్లిపిట్ట పిలుస్తోంది. అక్క కొంగును పట్టుకుని, పిట్టపిల్ల ఇంకా కూర్చునే ఉంది.