పొయ్యి లేకుండా కాగిన నీళ్ళు

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారని మొన్న పాల్వంచ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఏడుపు తరవాత వచ్చింది. ముందు భయమేసింది. నా లెక్క తప్పితే ఆపి చెప్పే మనిషి ఇక లేరు కదా!

తొంభైల చివర్లో భద్రాచలంలో ఒక కాలేజీలో నేను ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్ని. మేడమ్ అక్కడే కెమిస్ట్రీ చెప్పేవారు. ఆమె అంత భయస్తురాలిని నేను చూడలేదు. ఉరిమితే భయం, గోదావరి వంతెన మీద బస్సు కాస్త పక్కకు జరిగితే భయం. "మరి యాసిడ్ సీసాలెట్ల పట్టుకుంటరు మేడమ్?" అని ఏడిపించేదాన్ని. "భయపడుకుంటనే పట్టుకుంట. అందుకే ఇన్నేండ్లల్ల చెయ్యి కాలలే" అనేవారు.

నా పీహెచ్‌డీ నీటి అణువుల కదలిక మీద. వాటిని కంప్యూటర్లో కదిలించి చూపే ప్రోగ్రామ్ ఒకటి ఉచితంగా దొరికేది. అయితే సీడీలో వచ్చేది మనుషులు రాసిన ఒట్టి సోర్స్ కోడే. మన మిషన్‌కు తగ్గట్టు మనమే కంపైల్ చేసి, అంటే మిషన్ భాషలోకి మార్చి, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కాలేజీ మొత్తానికి ఒక్కటే కంప్యూటర్, అడ్మిషన్లన్నీ అందులోనే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అవి చెరిగిపోతే నా ఉద్యోగం పోతుంది. నెలాఖరుకు ఫలితాలు పంపకపోతే పీహెచ్‌డీ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మేడమ్ చదువుకునే రోజుల్లో కార్డులకు చిల్లులు పొడిచి ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారట. నా పక్కన కుర్చీ వేసుకుని కూచున్నారు. కంపైల్ మొదలుపెట్టగానే తెర నిండా తప్పులు. 

"మొదటి తప్పు ఒక్కటే చూడు బిడ్డా. తక్కినయన్నీ దాని పిల్లలే."

నిజంగానే పైదాన్ని సరిచేస్తే కింద సగం మాయమయ్యాయి. మధ్యలో కరెంటు పోయి, మళ్ళీ మొదటికొచ్చింది కథ. చివరికి ఒక్క తప్పూ లేకుండా ఇన్‌స్టాల్ అయిన రోజు నేను గంతేశాను. మేడమ్ మొహం మాత్రం పాలిపోయింది. "తప్పు చూపిస్తె పర్వాలే. చూపియ్యకపోతెనే నాకు భయం" అన్నారు.

ప్రోగ్రామ్‌లో నీళ్ళను నడిపి చూశాం. వాటికి బయటి నుంచి వేడేమీ ఇవ్వలేదు, కాబట్టి ఉష్ణోగ్రత ఇంచుమించు నిలకడగా ఉండాలి. అది మెల్లమెల్లగా ఎక్కుతోంది.

"కొంచెమే కద మేడమ్" అన్నాను.

"నీళ్ళు ఊకనే కాగుతయా? పొయ్యి ఏది?"

 వెతకగా వెతకగా, పని త్వరగా తెమలాలని కంపైల్ చేసేటప్పుడు పెట్టిన స్పీడు ఆప్షనే లెక్కలు చెడగొడుతోందని తేలింది. అది తీసేస్తే నీళ్ళు బుద్ధిగా నిలబడ్డాయి గానీ, ప్రోగ్రామ్‌ది నత్తనడక. నెలాఖరుకు అయ్యే పని కాదు.

"గడువు అడుగుదాం పా" అన్నారు మేడమ్.

ఖమ్మం మీదుగా హైదరాబాద్‌లో మా పీహెచ్‌డీ గైడ్ దగ్గరికి వెళ్ళాం. దారి పొడుగునా మేడమ్ నా చెయ్యి వదల్లేదు. ధైర్యం ఇస్తున్నారో, తీసుకుంటున్నారో నాకు తెలియలేదు.

మా గైడ్ సార్ కోపిష్ఠి. "అంకెలొచ్చినయి కద, తప్పని ఎవరన్నరు?" అని గద్దించారు.  మేడమ్ లేచి నిలబడ్డారు.

"నేనే అన్న సార్. తప్పని తెలిసీ పంపుడు మాతోని కాదు."

ఆయన నా అంకెల కాగితాలు పక్కకు నెట్టారు. తరవాత నా అర్జీ మీద మూడు నెలల గడువు రాసి, సంతకం పెట్టి, మాకు టీ తెప్పించారు. మేడమ్ అందుకున్న కప్పు సాసరు మీద టకటకా కొట్టుకుంటోంది.

"అయిపోయింది మేడమ్, తాగండి" అన్నాను.

తలూపారు. ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.