పరదాల కారులో మా బాపు

తండ్రిని పోగొట్టుకునే మార్గాలు లోకంలో చాలా ఉన్నాయి. పట్టపగలు, నడిరోడ్డు మీద, పరదాలు కట్టిన మోటారు కారులో కూర్చోబెట్టి, వెనక్కి దొర్లించి పోగొట్టుకోబోయినవాణ్ణి మాత్రం సికింద్రాబాదు మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆ ఘోరం చెబుతాను. మీరు నవ్వండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

పోలీసు చర్య ముగిసి నెల కాలేదు. రోడ్ల నిండా కొత్త సైనికులు, నోళ్ల నిండా కొత్త పుకార్లు. నేనొక దినపత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో కొత్తగా చేరాను. మా బాపుకు జనరల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం. ఆయన దృష్టిలో పత్రిక అంటే చెంబులు చుట్టి ఇచ్చే కాగితం. కొడుకు ఆ కాగితం మీద అక్షరాలు దిద్దడానికి పోతున్నాడంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరాయి. టాంగా ఎక్కలేకపోతోంది. కారు కొనాలన్న మాట అలా ఇంట్లోకి వచ్చింది. దాని వెనకే బాపు షరతూ వచ్చింది.

"డ్రైవర్ను పెట్టే తాకత్ నాకు లేదు. నువ్వు నడుపుతనంటే కొంట. పొద్దుగాల మీ అమ్మను తిప్పు, తర్వాత నీ పేపరాఫీసుకు పో. నడుపరాదంటవా, దసరా సంది దుకాణంల కూసో."

"నాకు మస్తుగొస్తది బాపూ!" అన్నాను.

నాకు వచ్చిందల్లా, పత్రిక కట్టలు మోసే లారీలో డ్రైవరు పక్కన కూర్చుని ఆయన చేసేది చూడటం. తబలా వాయించేవాడి పక్కన కూర్చున్నంత మాత్రాన మన వేళ్లకు తాళం రాదని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి.

అమ్మకానికి ఉన్న కారు బాపు దోస్తు కరీం సాబుది. అత్తర్ల వ్యాపారి. ఇంట్లో ఆడవాళ్ల కోసం కొన్న బండి కాబట్టి వెనక సీటు చుట్టూ ఆకుపచ్చ పరదాలు ఉండేవి. డ్రైవరుకూ వాళ్లకూ మధ్య కూడా ఒక పరదా. అలాంటి కారు ఎదురైతే మగవాళ్లు పక్కకు తప్పుకుని మొహం అటు తిప్పుకోవడం మా ఊరి మర్యాద. హిందువైనా ముస్లిమైనా అందరూ పాటించేవారు.

"రోడ్డు దానంతటదే ఖాళీ అయితది బేటా, ఫికర్ చెయ్యకు," అన్నాడు కరీం సాబు. "తిరుమలగిరి దాంక నడిపి చూసి రండ్రి. గంతల నేను చాయ్ పెట్టిస్త."

బాపు వెనక సీటులో కూర్చున్నాడు. నేను చేసిన మొదటి పని పరదాలన్నీ దించడం.

"ఎందుకురా?"

"దుమ్ము బాపూ!"

అబద్ధం. నా డ్రైవింగు ఆయన కంటబడకూడదు, అంతే.

కారు మూడు గెంతులు గెంతి బయల్దేరింది. రాను రాను రాజుగారి గుర్రం గాడిద అయిందంటారు. మా గుర్రం గాడిద దాకా కూడా ఆగలేదు, గుట్ట ఎక్కే నత్త అయిపోయింది.

"అరేయ్, ఏందో మాడిన వాసనొస్తుంది."

"కొత్త పెట్రోలు బాపూ."

"పొగ సుత వస్తుంది."

"అత్తర్లాయన బండి కదా, ఊదు పొగ కావచ్చు!"

తిరుమలగిరి ఇంకాస్త దూరం ఉందనగా, సరిగ్గా ఎత్తు మీద, కారు ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. నా ప్రాణమూ దాంతోపాటే ఆగింది. కళ్ల ముందు దసరా, దుకాణం, జీవితాంతం తోమాల్సిన బిందెలు వరసగా కనిపించాయి. దిగి చూస్తే రోడ్డు మీద పది మంది మగవాళ్లున్నారు. పదుగురూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"అన్నా, జెర నూకుండ్రి!" అని ఒకాయన వీపును బతిమాలాను.

"జనానా బండిని మేమెట్ల ముట్టుకుంటమయ్యా? తప్పు కాదా?" అంది వీపు.

"లోపల ఆడోళ్లు లేరన్నా. మా బాపున్నడు!"

"తల్లిని పట్టుకుని బాపంటున్నవ్. పరేషాన్ల ఉన్నవు గని, జెర నీళ్లు తాగు."

అంతలో పరదా వెనక నుంచి, "ఎందుకాగిందిరా?" అని బాపు ఉరిమాడు.

పది వీపులూ ఉలిక్కిపడ్డాయి. జనానా బండిలో మగ గొంతు! ఆడవేషాల్లో ఎవరెవరో పారిపోతున్నారని ఊరంతా గుసగుసలాడుకునే రోజులవి. ఎవరు చెప్పారో గాని, రెండు నిమిషాల్లో ఆరుగురు జవాన్లూ ఒక సుబేదారూ వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు. సుబేదారు పరదా ఎత్తాడు.

పొగకు తాళలేక బాపు పైపంచెను తల మీది నుంచి గడ్డం దాకా చుట్టుకుని ఉన్నాడు. రెండు కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆయన్ను ఇత్తడి వ్యాపారి అని నేనే నమ్మేవాణ్ణి కాదు.

పంచె విప్పించి, ఊరూ పేరూ అడిగి, సుబేదారు నా వైపు వేలు చూపించాడు. "ఏ కౌన్ హై?"

బాపు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "బేటా హై సాబ్," అని కొంచెం ఆగి, "ఆజ్ తక్," అన్నాడు. ఇవాళ్టి దాకా కొడుకేనట!

సుబేదారుకు జాలి కలిగింది. బాపు మీదే, నా మీద కాదు. పరదా మళ్లీ దించి, తోయమని జవాన్లకు చెప్పాడు. ఆరుగురు తోశారు. కారు కదల్లేదు. రొప్పుతూ మళ్లీ తోశారు. అంగుళం కదల్లేదు. సుబేదారు ముందు సీటులోకి తొంగిచూసి, చేతి బ్రేకును చూశాడు. కరీం సాబు ఇంటి దగ్గర బిగించిన బ్రేకు బిగించినట్టే ఉంది. నేను దాన్ని విప్పకుండానే అంత దూరం ఈడ్చుకొచ్చాను! ఆ మాడు వాసనకు పుట్టిల్లు అదే.

జవాన్లు చెమట తుడుచుకోవడానికి పక్కకు జరిగారు. సరిగ్గా అప్పుడే సుబేదారు బ్రేకు వదిలాడు.

కారు వెనక్కి బయల్దేరింది. ఎప్పుడూ లేనంత హాయిగా, సాఫీగా. దాని వెనక నేను, నా వెనక జవాన్లు. "ఆపుండ్రి! ఆపుండ్రి!" అని అరిచాను. దిగువన ఉన్నవాళ్లకు జరిగిన సంగతి తెలియదు. పరదాల కారు వస్తోందని చూశారు, మర్యాదగా దారి ఇచ్చారు, మొహాలు తిప్పుకున్నారు. ఒక్కడైనా ఒక రాయి అడ్డం వేస్తే ఒట్టు! లోపల నుంచి బాపు పిలిచిన దేవుళ్లలో సగం మంది పేర్లు నేనెప్పుడూ వినలేదు.

తంతే బూరెల బుట్టలో పడ్డట్టు, టాంగాల అడ్డా దగ్గర పోసిన పచ్చగడ్డి కుప్పలో కారు దిగబడి ఆగింది. పరదా తొలగించుకుని బాపు బయటికొచ్చాడు. దెబ్బ తగల్లేదు. తలనిండా గడ్డి. ఒక గుర్రం వచ్చి ఆయన భుజం మీది గడ్డిని తాపీగా మేయడం మొదలుపెట్టింది.

ఇంటికి టాంగాలో పోయాం. దారి పొడుగునా ఆయన తలలోంచి గడ్డిపోచలు ఏరుకుంటూనే ఉన్నాడు. నేనే తెగించి అన్నాను: "బాపూ, దసరా దాంక ఎందుకు, రేపటి సంది దుకాణంల కూసుంట."

"వద్దు."

"మరి?"

"నువ్వు కూసుంటే దుకాణం మిగలది. నువ్వు పేపర్లనే ఉండు బిడ్డా. ఆడ తప్పు చేస్తే తెల్లారి సవరణ అచ్చేసుకోవచ్చు. నన్నైతే మళ్ల అచ్చెయ్యరాదు."

నా పత్రికా జీవితానికి నియామక పత్రం అదే. కారు కరీం సాబుకే తిరిగి పోయింది. అమ్మకు టాంగా ఎక్కడానికి బాపు ఒక పొట్టి పీట చేయించాడు.

కాబట్టి పాఠక మహాశయుల ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ తండ్రినీ, సొంతవాణ్ణి గాని అరువు తెచ్చుకున్నవాణ్ణి గాని, పరదా వెనక కూర్చోబెట్టి ఏ బండీ నడపను. ముందుకూ నడపను, వెనక్కి అసలే నడపను.